వాగు లోతు, కవి ఎత్తు

పోయిన నెల మేడ్చల్‌లో ఒక కాలేజీవాళ్లు మాట్లాడమని పిలిచారు. మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడాను. చేతబడి నుంచి వాస్తు దాకా దేన్నీ వదల్లేదు. చివర్లో వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మీరు ప్రతిదానికి సాక్ష్యం అడుగుతరు గదా. మరి మీ వ్యాసాలల్ల భావకవిత్వాన్ని మెచ్చుకుంటరేంది? వాగు ఏడ్సింది, మబ్బు నవ్వింది అంటే దానికి సాక్ష్యం ఎవరు సార్?" హాలంతా చప్పట్లు. నాకూ కొట్టాలనిపించింది. ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి నేను అడిగిన ప్రశ్నను ఆ పిల్ల నా మీదికే తిప్పింది. "మా వదినే సాక్ష్యం" అన్నాను. అందరూ నవ్వారు, టీలు వచ్చాయి, సభ ముగిసింది. కానీ నేను నవ్వించడానికి అనలేదు. ఉన్న మాటే చెప్పాను. ఆ అమ్మాయికి అక్కడ చెప్పడానికి వీలుకానిదంతా ఇక్కడ రాస్తున్నాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నాకు పాతికేళ్లు దాటాయి. ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారం పొద్దున మాత్రం సైన్సుకు సైన్యాధిపతిని. మేడ్చల్ బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం మీది గదిలో పదిపన్నెండు మందిమి కూడి వాదించుకునేవాళ్లం. దేవుడు, కులం, కట్నం, జాతకం, ఏదైనా సరే. ఆ గదికి ఒక్కటే నియమం ఉండేది, దాన్ని పెట్టిన పెద్దమనిషి పెద్ద చదువరేమీ కాదు, కోర్టులో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. ఎదుటివాడి వాదాన్ని ఖండించే ముందు దాన్ని వాడికంటే బాగా అప్పజెప్పాలి. "ఆఁ, నేననేది గిదే" అని వాడు తల ఊపితేనే నీకు ఖండించే హక్కు. లేకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. మేం దీన్ని అప్పజెప్పుడు అనేవాళ్లం. ఒకసారి ఒక జ్యోతిష్యుడు మమ్మల్ని ఓడిస్తానని మెట్లెక్కి వచ్చాడు. ఆయన వాదాన్ని నేను ఎంత బాగా అప్పజెప్పానంటే, ఆయన పొంగిపోయి అందరికీ టీ చెప్పాడు. ఆ టీ తాగాకే ఆయన్ని ఖండించాను. ఆ రోజుల్లో నాకు అప్పజెప్పలేని వాదం ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం. నమ్మకాలను వ్యతిరేకించే మనిషికి అంతకంటే ప్రమాదకరమైన నమ్మకం ఇంకోటి ఉండదు.

మా వదినది గౌడవెల్లి. అంగన్‌వాడీ టీచరు. ముప్పై మంది చంటిపిల్లలకు పొద్దున్నే పాటలు చెప్పి, ఉప్మా పెట్టి, ముక్కులు తుడిచి, రిజిస్టర్లు రాసి, ఇంటికొచ్చి మా అందరికీ వండి, ఆ తర్వాత పుస్తకం పట్టేది. దూరవిద్యలో బీఏ కట్టింది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పోస్టుకు అర్హత వస్తుంది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి గాని ఆధునిక కవిత్వం పేపరు ఒక్కటే అడ్డం పడింది. మొదటిసారి తప్పింది. ఇంకో రెండు పరీక్షల కాలంలో పాసు కాకపోతే పోస్టుకు వయసు మించిపోతుంది. అంటే ఆ ఒక్క పేపరు మీద ఆమె మిగిలిన ఉద్యోగ జీవితమంతా ఆగి ఉందన్నమాట. మా అన్న కుత్బుల్లాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. "ఇంట్ల ఇంత పెద్ద మాటకారిని పెట్టుకొని గైడ్లు కొనుడెందుకు? ఈనితోని చెప్పించుకో" అని నన్ను చూపించాడు. వదిన నా వంక అనుమానంగా చూసింది. నేను మాత్రం గెంతినంత పని చేశాను.

సిలబస్‌లో ఒక పద్యం ఉంది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పటి పిల్లలు ఎరగరు. కవి చాలా ఏళ్లకు చిన్ననాటి వాగు దగ్గరికి వస్తాడు. ఒకప్పుడు ఆ వాగు రేవులో నీళ్లు రొమ్ములోతు ఉండేవట. తల్లి కొంగు పట్టుకుని దాటేవాడట. అవతలి ఒడ్డు ఎంతకీ వచ్చేది కాదట. ఇప్పుడు దిగితే నీళ్లు మడమలు దాటడం లేదు. వాగు తనను మరిచిపోయిందని కవి కన్నీరు పెట్టుకుంటాడు. ఇంతే పద్యం. నేను ఒక్కసారి చదివి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని తీర్పు చెప్పాను. "వదినా, ఇందులో ఏమీ లేదు. వాగు లోతు తగ్గలేదు, కవి ఎత్తు పెరిగాడు. పైగా ఎండాకాలంలో వచ్చి ఉంటాడు. వాగుకు మెదడు లేదు, కాబట్టి మరిచిపోవడం అసాధ్యం. ఇదే రాయి." వదిన పాపం నమ్మింది. ప్రకృతికి మనసు అంటగట్టడం మనిషి అహంకారమని, జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదని, ఉపమానాలు వాదం కావని ఆమె చేత పాయింట్లు పాయింట్లుగా బట్టీ పట్టించాను. రెండోసారి పరీక్షలో ఆ పద్యమే వచ్చింది. ఆమె అట్లాగే రాసింది. తప్పింది.

పరీక్షలో రాసింది రాసినట్టు మళ్లీ కాగితం మీద పెట్టి, పట్టుకెళ్లి నాకు తెలిసిన ఒక తెలుగు లెక్చరరుకు చూపించాం. ఆయన ఓపికగా చదివి, కళ్లద్దాలు తీసి, "అమ్మా, ఇది సమాధానం కాదు. కవి మీద మీరు పెట్టిన కేసు" అన్నాడు.  ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, వదిన మొదలుపెట్టింది.

"ఏం మరిదీ, ఐతారం ఐతారం గా సైకిళ్ల దుకాణం మీద ఏం జేస్తరు మీరు?"

"వాదిస్తం."

"ఎదుటోని మాట ముందుగాల అప్పజెప్పాలె, ఆయన ఔననాలె, గప్పుడే కాదనాలె. గంతే గదా? ఊరంత డప్పు గొట్టి చెప్తవు గదా?"

"ఔను."

"మరి గీ కవి మాట ఎవనికి అప్పజెప్పినవ్? ఎవడు ఔనన్నడు? చచ్చిపోయినోడు లేచి వాదించడని ఖుషీగ కొట్లాడినవ్. ఇగ కూసో. కవి తరఫున నేనుంట. అప్పజెప్పు. నేను ఔనంటెనే లేస్తవు."

జ్యోతిష్యుణ్ణి ఓడించినవాణ్ణి, నన్ను నా కత్తితోనే ఆమె గోడకు నొక్కేసింది. అప్పజెప్పడానికి ప్రయత్నించాను. "పాత రోజులు బాగుండేవని కవి అంటున్నాడు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ప్రకృతి మారిపోయిందని..." మళ్లీ అడ్డం. "బాల్యం తిరిగి రాదని..." "గది గైడుల గూడ ఉన్నది. గది రాసే మొదాలు తప్పిన" అంది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా లేవలేదు, నన్నూ లేవనివ్వలేదు. సాయంత్రం దాకా ఆరు రకాలుగా అప్పజెప్పాను, ఆరుసార్లూ తల అడ్డంగానే ఊగింది. ఇంకో పరీక్షే మిగిలింది. అది కూడా పోతే తప్పు కవిది కాదు, వదినది కాదు, నాదని నాకు స్పష్టంగా తెలుసు.

సైన్సువాడికి దారి తోచకపోతే చేసే పని ఒకటే, ప్రయోగం. "సరే, జ్ఞాపకం అబద్ధమాడుతుందని నేను, కాదని మీ కవి. పరీక్ష పెడదాం" అన్నాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయిన నన్ను షామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లాడు. నాయిన దర్జీ. అక్కడ ఎవరికో కుట్టిన బట్టలు ఇవ్వడానికి సైకిలు మీద బయలుదేరి, చెరువు నిండిందని విని కట్ట ఎక్కించాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లో ఆ దారిన బస్సులో పోయాను గాని కట్ట మళ్లీ ఎక్కలేదు. ఆ రోజు చూసినవి గుర్తున్నంతవరకు పది సంగతులు కాగితం మీద రాశాను. అలుగు, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గోడ, తాటిచెట్టు ఎత్తు. దాని పక్కన నల్లబండ ఏనుగంత. అవతలి ఒడ్డు కంటికి ఆనదు. తూము దగ్గర మూడు రాతిమెట్లు, నడిమి మెట్టు పగిలింది. ఇట్లా పది. కాగితాన్ని వదిన మడిచి సంచిలో పెట్టుకుంది. "నా దగ్గరనే ఉండనీ. నువ్వు తోవల దిద్దుతవు" అంది. హేతువాదం ఆమెకు నేను నేర్పలేదు, పుట్టుకతోనే ఉంది.

ఆదివారం అన్న స్కూటరు అడిగి తీసుకున్నాం. గదికి పోవడం మానేసిన మొదటి ఆదివారం అదే. ఆ రోడ్డుకు అటూ ఇటూ అప్పట్లో ఇంకా జొన్నచేలూ ద్రాక్షతోటలూ ఉండేవి, మధ్య మధ్య ప్లాట్ల హద్దురాళ్లు తెల్లసున్నం పూసుకుని నిలబడటం మొదలుపెట్టాయి. కట్ట ఎక్కేసరికి చలిగాలి ముఖాన కొట్టింది. నీళ్లు అలుగుకు బాగా కిందుగా ఉన్నాయి. పొర్లే నీళ్లు లేవు కాబట్టి గోడ నిలువునా కనబడుతోంది. నేను చూసి పగలబడి నవ్వాను. తాటిచెట్టు ఎక్కడ! కింద నిలబడి నేను చేయి చాస్తే పైఅంచు అందేట్టుంది. ఏనుగంత బండ కూర్చున్న బర్రెంత కూడా లేదు. అవతలి ఒడ్డున గొర్రెలు మేస్తుంటే వాటి చెవులు కూడా కనబడుతున్నాయి. వదిన ఒక్కొక్కటి చదువుతుంటే నేను "తప్పు! తప్పు!" అని కేకలేస్తున్నాను. పదిలో ఏడు తప్పు. నా సాక్ష్యాన్ని నేనే కొట్టేసుకుని ఇంత సంబరపడ్డ మనిషి మేడ్చల్ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

వదిన నవ్వలేదు. కాగితం వంక, చెరువు వంక మార్చి మార్చి చూస్తోంది.

"మరి ఒప్పయినయి మూడు ఏందేంది?"

"తూముమెట్లు, పగిలిన మెట్టుతో సహా. కట్ట మీద మొండి హద్దురాయి. మూడోది, అప్పుడు నాయిన సైకిలు ఆనించిన చోటు పక్కనుంచి దిగే కాలిబాట."

"గివన్ని ఏ దిక్కున్నయ్?"

చూశాను. "ఎడమ దిక్కు."

"తప్పయినయి?"

"నీళ్ల దిక్కు. కుడి."

"నాయిన ఏ దిక్కు నిలవడ్డడు?"

గాలి వీస్తోంది. నా ఎడమచేయి నా ప్రమేయం లేకుండా కొంచెం పైకి లేచింది, తొమ్మిదేళ్లవాడి చేయి ఎంత ఎత్తున ఉంటే పెద్దవాడి వేలు అందుతుందో అంత ఎత్తుకు. నాయిన ఎడమవైపు ఉన్నాడు. మెడలో కొలతల టేపు వేలాడేసుకుని, పొర్లుతున్న నీళ్లను చూసి "భయపడకు రా" అంటూ. ఆయన ఉన్న వైపు ప్రతి మెట్టూ ఉన్నది ఉన్నట్టు ఉంది. ఆయన లేని వైపు ప్రతిదీ తాటిచెట్టయింది, ఏనుగయింది. ఆ తర్వాత రెండేళ్లకు నాయిన పోయాడు.

"తప్పులు గూడ ఒక లెక్క ప్రకారమే ఉన్నయి మరిదీ" అంది వదిన నెమ్మదిగా. "నువ్వు అలుగు ఎత్తు రాయలే. నీ భయం ఎత్తు రాసినవ్."

నేను బర్రెంత బండ మీద కూర్చున్నాను. దుఃఖం కాదు, నిజం చెప్పాలంటే ఒళ్లంతా జలదరించినంత ఉత్సాహం! కాటా తప్పు చూపిస్తే పారేస్తాం. కానీ అది ప్రతిసారీ ఒకేవైపు, ఒకే తీరున తప్పు చూపిస్తే? అప్పుడు ఆ తప్పు తప్పు కాదు, అదొక కొలత. ఇంతకాలం జ్ఞాపకాన్ని అబద్ధాలకోరు సాక్షిగా బోనెక్కించాను. ఆ సాక్షి అలుగు గురించి అబద్ధం చెబుతూనే నా గురించి నిజం చెబుతోందని తట్టలేదు. "పద్యం తీయి వదినా, జల్దీ!" అని అరిచాను. గొర్రెలు కాసేవాడు అవతలి ఒడ్డునుంచి తిరిగి చూశాడు.

అక్కడే, కట్ట మీదే, పద్యాన్ని కూడా నా కాగితంలాగే పరీక్షించాం. పద్యంలో పెద్దవై పోయినవేమిటి? నీళ్లు, అవతలి ఒడ్డు, ఎద్దు రంకెలాంటి ప్రవాహం చప్పుడు. ఉన్నవి ఉన్నంతలో ఉన్నవేమిటి? తల్లి కొంగు. కొంగుకు ముడి. ముడి దగ్గర పసుపు మరక. తడి అంచుకు అంటుకున్న ఒక్క గడ్డిపరక. ఇంత భారీ వాగులో ఒక్క గడ్డిపరక స్పష్టంగా కనబడుతోంది! సరే, రెండో భాగంలో? మడమలోతు నీళ్లు ఉన్నాయి, ఇసుక ఉంది, ఎండ ఉంది. కొంగు లేదు. తల్లి పోయిందని కవి ఒక్క అక్షరం రాయలేదు. రెండేళ్లుగా మేం ఇద్దరం ఆ పద్యాన్ని చదివాం, వదిన పరీక్ష రాసింది, నేను తీర్పు చెప్పాను, ఆ కొంగు ఏమైందని ఎవరమూ అడగలేదు.

"నేను ఎత్తు పెరిగిన అని కవికి ఎరుక లేదా?" అంది వదిన. "ఎరికే. ఎరికుండే రాసిండు. పట్టుకోనీకి ఇప్పుడు కొంగు లేదు. వాగు మరిసిపోయిందన్నడు గని, వాగును గాదు ఆయన అన్నది."

నేను లేచి నిలబడి, మా గదిలో నిలబడే పద్ధతిలోనే, అప్పజెప్పాను. కవి చూసింది ప్రకృతిని, కొలిచింది తన లోటును. వాగు అందుకు కొలబద్ద. మనసు వాగుకు ఉందని ఆయన అనలేదు, తన మనసును ఆనించడానికి వాగును ఎంచుకున్నాడు. వదిన పూర్తిగా విని, మొదటిసారి తల నిలువుగా ఊపింది.

"ఆఁ. గిదే."

పరీక్షకు ఇది సగమే. పద్యం ఏం చెప్పిందో తెలిసింది, ఎట్లా చెప్పిందో రాయాలి. మొదటి భాగం చదువుతుంటే ఛాతీ ఎందుకు బిగుసుకుంటుంది? అలంకారాల పేర్లు గైడులో ఉన్నాయి గాని పేర్లతో ఛాతీ బిగుసుకోదు. ఇక్కడ వదిన వృత్తి పనికొచ్చింది. "మా పిల్లలకు పాట జెప్పేటప్పుడు శ్వాస యాడ అందుతదో ఆడనే చరణం ఆపుతం. లేకుంటె పిల్లగాండ్లు ఎగపోసుకుంటరు" అంది. నేను పెన్సిలు తీసుకుని, "పైకి చదువు, ఊపిరి తీసుకున్న చోటల్లా గీత పెడతాను" అన్నాను. చదివింది. వాగు దాటే భాగంలో ఆరు పాదాలకు రెండే గీతలు. ఇప్పటి వాగు భాగంలో పాదానికి ఒకటి, ఒక్కోచోట రెండు. కానీ ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం ప్రయోగం కాదు. ఇంటికి పోయాం. అన్న షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అన్నా, గీ పద్యం ఒక్కపాలి చదువు."

"నాకెందుకురా పద్యాలు? ఆకలైతాంది. అన్నం బెట్టుండ్రి."

"చదివితేనే అన్నం" అంది వదిన.

అన్న కిరాణా చిట్టీ చదివినట్టు, ఏ భావమూ లేకుండా, తిట్టుకుంటూ చదివాడు. అతనికిచ్చిన ప్రతి మీద వదిన గీతలు లేవు, అతను ఊపిరి తీసుకున్న చోటల్లా నేను వేరే కాగితం మీద గీశాను. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాం. దాదాపు అవే చోట్లు! కవిత్వమంటే గిట్టని మనిషి, ఆకలిగా ఉన్న మనిషి కూడా కవి ఆగమన్న చోటే ఆగాడు. నీళ్లు రొమ్ములోతున్న చోట ఊపిరి బిగబట్టాడు, మడమలోతున్న చోట మామూలుగా పీల్చాడు. కవి నీళ్లను మాటల్లో రాసి ఊరుకోలేదు, చదివేవాడిని అందులో దింపాడు. నేను వంటింట్లో ఎగిరి గంతేశాను. "ఈనికేమైందే?" అన్నాడు అన్న. "పద్యం అర్థమైంది" అంది వదిన. "ఇద్దరికి పిచ్చి లేసింది, నాకైతే పప్పెయ్యండ్రి" అన్నాడు.

పరీక్షనాడు నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఆమె లోపలికి పోయాక గేటు ఎదుట, మూసిన జిరాక్సు దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. ఆ మూడు గంటలు ఆ వాగు మీద ఎన్నిసార్లు సమాధానం రాశానో. కొంగు గురించి రాస్తుందా? ఊపిరి గురించి రాస్తుందా? గడ్డిపరక మరిచిపోతుందా? బెల్లు కొట్టాక వదిన వచ్చింది. ముఖంలో ఏమీ తెలియలేదు.

"వాగు రాలే" అంది.

 "మరి?"

"వేరేది ఇచ్చిండ్రు. మనం సూడనే లేదు. పొద్దుగూకినంక ఒకాయన గుట్ట మీద ఒంటిగ కూసుంటడు. గంతే."

"మరి ఏం జేసినవ్ వదినా?"

"ఏం జేస్త? ముందుగాల పెదవులతోని సప్పుడు లేకుండ సదివిన. శ్వాస యాడ ఆగుతాందో గీతలు వెట్టిన. ఏది ఉన్నదానికంటె పెద్దగున్నదో సూసిన. గుట్ట పెద్దగుంది. ఏది ఉన్నంతనే ఉన్నదో సూసిన. ఆయన చేతుల చుట్ట, దాని నిప్పు. ఇగ ఎవలు లేరో ఎతికిన. చుట్ట ఇద్దరు పంచుకునేటోళ్లట, ఒక్కతాన ఉత్తగ అని ఇడిసిండు. దొరికిండు! మరిదీ, నా అంతట నాకు దొరికిండు!"

రోడ్డు మీదే అరిచింది, ముప్పై మంది చంటిపిల్లల్ని ఒక్క చూపుతో ఆపగలిగే మనిషి. పక్కన పోతున్న పిల్లలు తిరిగి చూశారు. నేను నేర్పినదాన్ని ఆమె రాసి ఉంటే అది నా గెలుపు అయ్యేది. నేను చూడని పద్యాన్ని ఆమె ఒక్కతే చదివింది. ఫలితాలు వచ్చాయి, పాసైంది. ఆ ఏడే అర్జీ పెట్టింది, పోస్టూ వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు కీసర దాకా బస్సుల్లో తిరిగి అంగన్‌వాడీలు తనిఖీ చేసింది. వెళ్లిన ప్రతిచోటా టీచర్లతో ముందు పాట పాడించుకునేదట, పిల్లల ఊపిరి ఎక్కడ అందుతోందో చూడటానికి.

లోపల ఉన్న మూడు గంటలు చిటికెలో అయిపోయాయని ఆమె ఇప్పటికీ అంటుంది. మెట్ల మీద కూర్చున్న నాకు అవి ఒక ఎండాకాలమంత పొడుగు. బెల్లు మాత్రం ఇద్దరికీ ఒకసారే కొట్టింది. వదిన, నేను, బెల్లు, ఈ ముగ్గురిలో ఎవరి లెక్క తప్పని ఇప్పుడెవరైనా అడిగితే, కాలం విషయంలో మూడూ సరైనవేనని, సాక్ష్యంతో సహా నిలబడి వాదిస్తాను.